రెండున్నర సీసాల నూనె

మొన్న మా మనవరాలు తన కొత్త కారులో నన్ను కర్నూలు నుంచి నంద్యాలకు తీసుకుపోయింది. ఊరు దాటాక రోడ్డు మిట్ట ఎక్కేచోట పిల్ల ఆక్సిలేటరు కాస్త గట్టిగా తొక్కింది. ఇంజను ఒక్క క్షణం గొంతు పెంచింది, బండి మాత్రం అందుకోలేదు, ఆ వెంటనే నడుము వెనక చిన్న కుదుపు. అంతే. నా చెయ్యి దానంతట అదే తలుపు పిడి పట్టుకుంది.  "ఏం తాతా, అట్లా ఉలిక్కిపడ్డావు? గేరు మారింది. ఇందులో మనం వెయ్యక్కర్లేదు, అదే వేసుకుంటుంది. ఇట్లాంటి బండి నువ్వు చూసుండవులే" అంది. వాళ్ళ నాన్న పుట్టకముందే చూశానని చెప్పలేదు. చెబితే ఆ బండి కథంతా చెప్పాలి, ఆ కథలో లింగారెడ్డి మేస్త్రి గురించి చెప్పాలి, ఆయన గురించి చెబితే చివరికి నా గురించి చెప్పాలి. నంద్యాల వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంటికి తిరిగొచ్చాక కాగితాలు ముందేసుకున్నాను.

అరవై ఏళ్ళ కిందటి మాట, అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయి ఒక ఆడపిల్ల. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ గనిలో, బండ్లు బాగుచేసే షెడ్డులో రెండో మెకానిక్కును. మొదటివాడు లింగారెడ్డి మేస్త్రి. ఆయనది కోయిలకుంట్ల పక్క పల్లె, భూములున్న ఇల్లు. యుద్ధం రోజుల్లో పటాలం వర్కుషాపులో చేరి, తిరిగొచ్చేటప్పటికి గోళ్ళకింద గ్రీజు తెచ్చుకున్నాడు. రెడ్డి పుట్టుక పుట్టి పానా పట్టుకుంటావా అని అన్నదమ్ములు ఎగతాళి చేస్తే, పంచె దులుపుకుని వచ్చేసి మళ్ళీ ఆ గడప తొక్కలేదట. మాట తక్కువ, కోపం ఎక్కువ. నా భార్యకు నొప్పులొచ్చిన రోజు ఎవరూ అడగకుండానే లారీ బయటికి తీసి, దారి పొడుగునా ఒక్క గుంతలో చక్రం పడకుండా ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చి, గేటు దగ్గర దింపి, "మాపటేల పనుండాది, తొందరగా రా" అని నామీద కసురుకుని పోయాడు. అలాంటి మనిషి.

బండికి రోగమొస్తే ఆయన వెంటనే పానా ముట్టుకునేవాడు కాదు. వేపపుల్ల ఒక కొన ఇంజను మీద ఆనించి, రెండో కొన చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నూనె వేలికి రాసుకుని వాసన చూసేవాడు. పొగ రంగు చూసేవాడు. అన్నీ చూసేవాడు గానీ డ్రైవరును మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. "బండి అబద్ధం చెప్పదు. డ్రైవరు చెప్తాడు" అనేవాడు. డ్రైవరెవడన్నా బండిమీద నేరం చెబితే, ఆడలేక మద్దెల ఓడన్నాడంట అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ఎంతో గొప్పగా కనబడేది. నేనూ అలాగే నవ్వడం నేర్చుకున్నాను. మా షెడ్డులో ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. ఏ బండి నూనె అయినా తెల్లవారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, స్టార్టు చేయకముందే చూడాలి. పెట్రోలు డ్రమ్ములో ప్రొద్దుటూరు నుంచి రావాలి. నిలబెట్టి ఇంజను ఆడించడమంటే తాగేనీళ్ళు నేలపాలు చేసినంత పాపం. కరువు చూసిన వాళ్ళం, ఏదీ ఊరికే పోనిచ్చేవాళ్ళం కాదు. పాత బోల్టుల్ని, వాడిన గుడ్డపీలికల్ని, తీసేసిన నూనెను కూడా దాచేవాళ్ళం.

ఆ ఏడు మా సావుకారు ఒక విచిత్రమైన బండి కొన్నాడు. ఆనకట్ట పనికొచ్చిన ఒక విదేశీ ఇంజనీరు తన దేశానికి తిరిగిపోతూ అమ్మేసిన పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక తొట్టి. స్టీరింగు ఎడమ పక్క. క్లచ్చి లేదు, గేర్లు మార్చే పని లేదు. కాలితో తొక్కితే చాలు, ఒకటి రెండు మూడు దానంతట అదే వేసుకునేది. దాన్ని తీసుకురావడానికి దస్తగిరిని పంపించారు. దస్తగిరి మా గనిలో ఎనిమిదేళ్ళుగా లారీ తోలుతున్నాడు. రైలు గేటు అవతల పల్లెలో ఇల్లు, భార్య మాబున్ని, బడికి పోయే ఇద్దరు కొడుకులు. ఎనిమిదేళ్ళలో బండికి ఒక గీత పడనిచ్చినవాడు కాదు. ఆ పికప్పులో ఊళ్ళోకి వచ్చిన రోజు అతని ముఖం చూడాలి. ఎడమ కాలు ఖాళీగా ఉందని నాకు ఎత్తి చూపించాడు. "ఈ కాలికి ఇంగ జీతం లేదప్పా" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి చెప్పినట్టు నేను పికప్పు నూనెలన్నీ చూశాను. డ్రైవరు కాళ్ళ దగ్గర పలక ఎత్తితే గేరుపెట్టె నూనె చూసే కడ్డీ ఉండేది. తీసి చూస్తే నూనె గీతకు రెండు వేళ్ళు పైకి ఉంది. చెప్పాను. "గీత దాటితే సీళ్ళు పగుల్తాయి. తీసెయ్" అన్నాడు మేస్త్రి, వేరే లారీ కిందినుంచే. అడుగు బోల్టు వదులు చేసి తీశాను. నూనె సరిగ్గా గీత దగ్గరికి వచ్చేటప్పటికి రెండు సీసాలు నిండి మూడోది సగమయింది. సీసాలు పట్టుకున్నది దస్తగిరి. వాటి మీద కాగితం అంటించి, "పికప్పు గేరు నూనె, ఎక్కువైనది" అని నా చేతివ్రాతతో రాసి అటక మీద పెట్టాను.

పదిరోజులకు దస్తగిరి షెడ్డులోకి వచ్చి మేస్త్రి ముందు నిలబడ్డాడు. "రెడ్డన్నా, బండి మధ్యాన్నం మారాం చేస్తాండాది. పొద్దున బాగుంటాది. మూడు నాలుగు ట్రిప్పులు తిరిగి వేడెక్కినాక, లోడుతో గుంతలోనుంచి పైకొస్తాంటే, గేరు పడాల్సిన కాడ ఇంజను అరుస్తాది గానీ బండి లాగదు. కొంచేపటికి తన్నినట్టు పడతాది."  మేస్త్రి మరుసటి పొద్దున, చల్లగా ఉన్న బండిని ఖాళీగా స్టేషను దాకా తోలి వచ్చాడు. వెన్నలా పోయింది. దిగి, చేతులు తుడుచుకుంటూ, "బండి బాగుండాది. నీ కాలే బరువు" అన్నాడు. దస్తగిరి "వేడెక్కినాక చూడన్నా" అన్నాడు. మేస్త్రి నవ్వాడు. నేనూ నవ్వాను.

నెల తిరగకముందే ఒక మధ్యాహ్నం, గని గుంతలోంచి పైకొచ్చే దారిలో పికప్పు సగం దూరంలో లాగడం మానేసింది. ఇంజను అరుపు షెడ్డు దాకా వినిపించింది. నేను బయటికి పరుగెత్తేటప్పటికి బండి వెనక్కి జారుతోంది. దస్తగిరి బ్రేకు మీద నిలబడి ఉన్నాడు. ఆ బరువుకు, ఆ వాలుకు బ్రేకు చాలలేదు. తొట్టిలో ఉన్న కూలీలు దూకేశారు. బండి పోయి పేర్చిన బండల్లో కూలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, నునుపు పట్టించి స్టేషనుకు పంపాల్సిన రాళ్ళన్నీ ముక్కలయ్యాయి. సావుకారు వచ్చి చూసి, మేస్త్రి వైపు తిరిగి ఒక్క మాట అడిగాడు. "బండిదా, మనిషిదా?" మేస్త్రి దస్తగిరి ముఖం కూడా చూడలేదు. "బండి నేను చూసినా. మనిషిదే" అన్నాడు. ఆ మాటతో దస్తగిరి పని పోయింది. పనొక్కటే పోలేదు. గేర్లు లేని బండికి గేరు విరగ్గొట్టినోడు అని ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు దాకా లారీలు ఆగే ప్రతి చోటా చెప్పుకున్నారు. అలాంటి పేరు పడ్డవాడి చేతికి తాళం ఎవరిస్తారు? రెండు నెలలు తిరిగి తిరిగి, చివరికి కమలాపురం దారిలో వేరే వాళ్ళ గనిలో బండలు కొట్టడానికి కుదిరాడని విన్నాను.

పికప్పుకు కొత్త డ్రైవరు వచ్చాడు. మూడు వారాలకు అతనూ అదే మాట చెప్పాడు. మేస్త్రి అతన్నీ కసిరాడు. అతను పని మానేసి పోయాడు. ఆ తర్వాత వచ్చినవాడూ అదే చెప్పినప్పుడు మేస్త్రి నవ్వలేదు. ఆ రోజంతా అన్నం ముట్టకుండా పికప్పు చుట్టూ తిరిగాడు. ఆక్సిలేటరు నుంచి గేరుపెట్టెకు పోయే కడ్డీ వంగిందేమో చూశాడు, కొలిచాడు, సరిగానే ఉంది. కింద దూరి ఎక్కడన్నా కారుతోందేమో వెతికాడు, తడి లేదు. నూనె వాసన చూశాడు, కొంచెం మాడిన వాసన ఉంది. "చల్లగున్నప్పుడు బాగుండే రోగాన్ని చల్లగున్నప్పుడే చూస్తాండా" అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "రేపు మధ్యాన్నం నేనే తోల్తా. లోడుతో. నువ్వు పక్కన కూర్చో."

మర్నాడు నాలుగో ట్రిప్పులో, మిట్ట మధ్యాహ్నం, అదే దారి సగంలో ఇంజను అరిచింది. బండి ముందుకు పోవడం లేదు. మేస్త్రి కాలు కింద ఇంజను గింగిరాలు తిరుగుతోంది, చక్రాలకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆయన బ్రేకు తొక్కిపట్టాడు, నేను దూకి చక్రాలకింద బండలు పెట్టాను. ఆపితే మళ్ళీ స్టార్టు కాదేమోనని భయపడి ఇంజను ఆపలేదు. "నూనె చూడు" అన్నాడు. "ఇంజను ఆడతాంది మేస్త్రీ" అన్నాను. "చూడు." పలక ఎత్తి కడ్డీ తీశాను. కొన మీద ఒక్క చుక్క. గీత దరిదాపుల్లో తడి లేదు. ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూసి, ఇంజను ఆపేశాడు. కొంతసేపాగి మళ్ళీ తీయమన్నాడు. నూనె గీత దగ్గరికి వచ్చి నిలబడింది. స్టార్టు చేశాడు. పొడి. ఆపాడు. గీత. మూడుసార్లు. నూనె లేదంటే లేదు, ఉందంటే ఉంది. ఇంజను తిరిగేటప్పుడు నూనె పైకి లోపలి భాగాల్లోకి పోతుందని, ఆగినప్పుడు కిందికి దిగి గీతను ముంచుతుందని, ఆ ఆగినప్పటి నిండుదనం చూసి మేము ఎక్కువైందని అనుకున్నామని ఆయనకు అర్థమైనట్టుంది. నాకూ అర్థమైంది.  ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆయన్ని అలా నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"తీసింది యాడుండాది?" అన్నాడు. షెడ్డుకు వచ్చి అటక మీది సీసాలు దించాను. ఆ కాగితం మీద నా చేతివ్రాత. రెండున్నర సీసాలూ పోశాము. ఇంజను ఆడుతుండగా చూస్తే గీత తడిసింది. లోడు వేసుకుని గుంతలోకి పోయి పైకొచ్చాం. గేరు పడిన సంగతే తెలియలేదు. రోగం దొరికినప్పుడల్లా ఆయన ఒక బీడీ వెలిగించేవాడు. ఆ రోజు వెలిగించలేదు. ఖాళీ సీసా ఒకటి పట్టుకుని నేరుగా సావుకారు దగ్గరికి పోయి, "తప్పు నాది. దస్తగిరిది కాదు" అన్నాడు. సావుకారు తలుపు దగ్గరికి వేయించి, "అయిపోయిందేదో అయిపోయింది. ఆయప్పను మళ్ళా పిలిపిద్దాం. కానీ మేస్త్రి తప్పు చేసినాడని బయట చెప్పొద్దు. నిన్ను నమ్మి ఊరంతా బండ్లు తెస్తాండారు" అన్నాడు. మేస్త్రి బయటికి వచ్చి, నన్ను పికప్పు ఎక్కమన్నాడు.

దస్తగిరి ఎండలో కూర్చుని బండ చీలుస్తున్నాడు. మమ్మల్ని చూసి సుత్తి కింద పెట్టలేదు. మేస్త్రి అతని ఎదురుగా, ఆ రాతిపొడిలో, కింద కూర్చున్నాడు. చుట్టూ పనివాళ్ళు ఆగిపోయారు. ఒక రెడ్డి ఒక కూలీ ఎదుట నేలమీద కూర్చోవడం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. 

"వేడెక్కినాక అని చెప్పినా గదన్నా" అన్నాడు దస్తగిరి.

"చెప్పినావు."

"నువ్వు పొద్దున చూసినావు."

"పొద్దున చూసినా. ఇనలేదు. నీ కడుపు మీద కొట్టినా. ఇప్పుడేం చేయమంటావో చెప్పు."

దస్తగిరి సుత్తి కింద పెట్టాడు. "పని అడగనన్నా. నా పిల్లోళ్ళను బళ్ళో బండి ఇరగ్గొట్టినోని కొడుకులంటాండారు. మాబున్ని బాయికాడికి పోవాలంటే తలొంచుకుని పోతాది. నన్ను యాడ చెడ్డజేసినారో ఆడ చెప్పు. అంతే."

మర్నాడు పొద్దున బయల్దేరాం. దస్తగిరి స్టీరింగు దగ్గర ఒక్కడే. మేస్త్రి ముందు గదిలో కూర్చోనన్నాడు. వెనక తొట్టిలో, ఎండలో, సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన నేను. మొదట రైలు గేటు దగ్గర సుంకులమ్మ టీ అంగడి. లారీవాళ్ళంతా ఆగే చోటు. మేస్త్రి దిగి, పదిమంది మధ్యలో నిలబడి, సీసా పైకెత్తి చెప్పాడు. "ఈ సీసాలో పట్టింది బండిలో ఉండాల్సిన నూనె. తెలీక నేను తీయించినా. దస్తగిరి చెప్తే ఇనలేదు. బండి చెడింది నా చేతుల్లో. ఈయప్ప పేరు చెడ్డగా ఎవురన్నా చెప్పింటే, అది నా పేరుకు మార్చుకోండి."  ఒకడు గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయాడు. అంగడామె సుంకులమ్మ గ్లాసులు కడుక్కుంటూ ఒకసారి తలెత్తి చూసింది. అక్కడినుంచి స్టేషను గూడ్సు షెడ్డు, తర్వాత ప్రొద్దుటూరులో లారీలు ఆగే చోటు, తర్వాత జమ్మలమడుగు దారిలో పెట్రోలు బంకు. నాలుగు చోట్లా అవే మాటలు, ఒక్క మాట తగ్గించకుండా. బంకు దగ్గర ఒకడు నవ్వి, "నూనె నువ్వే తీసినావా మేస్త్రీ, ఇంగెవురన్నానా?" అని అడిగాడు. మేస్త్రి "నా చెయ్యే" అన్నాడు. నేను గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూ ఆయన వెనక నిలబడ్డాను.

ఇక్కడిదాకా రాసి, ఒక మాట మీ దగ్గర కూడా దాచాను. ఆ పొద్దున నేను నూనె తీస్తున్నప్పుడు, సీసా పట్టుకున్న దస్తగిరి నాతో ఒక మాట అన్నాడు. "ఓబులేసన్నా, ఆనకట్టకాడ దొర డ్రైవరు ఇంజను ఆడతాంటేనే ఈ నూనె చూసేటోడప్పా. ఇట్ల కాదేమో, మేస్త్రిని అడుగు." నేను అడగలేదు. "నీకు తెలిసింది మేస్త్రికి తెలీదా? సీసా సరిగా పట్టుకో" అన్నాను. మేస్త్రి నవ్వే నవ్వు నవ్వాను కూడా. దస్తగిరికి ఆ మాటకూ, తర్వాత వచ్చిన రోగానికీ ఉన్న ముడి తెలియలేదు. మేస్త్రితో లోడు తోలిన రోజుదాకా నాకూ తెలియలేదు. ఆ మధ్యాహ్నం, కడ్డీ కొన మీద ఒక్క చుక్క చూసిన క్షణంలోనే నాకు ఆ మాట గుర్తొచ్చింది. దస్తగిరికీ మొదటి అంగట్లో, మేస్త్రి సీసా ఎత్తినప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. నాలుగు చోట్లా అతను నా వైపు చూశాడు. ఒక్క చోటా నోరు విప్పలేదు.

ఐదోది ముద్దనూరు. అక్కడ మేస్త్రి చెప్పడం ముగించగానే నా నోట్లోంచి మాట బయటికి వచ్చింది. ధైర్యం కాదు. ఇంక మోయలేక. "దస్తగిరి ఇంజను ఆడతాంటే చూడమని నాకు ముందే చెప్పినాడు. నేను మేస్త్రికి చెప్పలేదు." మేస్త్రి నా వైపు తిరిగాడు. ఆయనకు తెలియదు. ఆ ముఖం చూసి ఆయన నన్ను కొడతాడనే అనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. గొంతు పెంచకుండా, "నాలుగు చోట్ల నాతో అబద్ధం చెప్పించినావు గదరా" అన్నాడు. సీసా నా చేతిలో పెట్టాడు. "పద. మళ్ళా ఆ నాలుగు చోట్లకూ పోదాం. ఈతూరి నువ్వు చెప్పు."

ముద్దనూరులోనే ఒక లారీ యజమాని దస్తగిరికి తాళం ఇస్తానన్నాడు. పై వారం నుంచి అతను అక్కడే తోలాడు. మా గనికి మళ్ళీ రాలేదు. అతని కొడుకులిద్దరూ తర్వాత ఆ దారిలోనే సొంత లారీ తోలారు. మేస్త్రి ఇంకో పన్నెండేళ్ళు బతికాడు. నన్ను పనిలోంచి తీయలేదు, ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కటి మాత్రం మార్చాడు. ఆ తర్వాత షెడ్డుకు ఏ బండి వచ్చినా, డ్రైవరును ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, అతను చెప్పేది చివరిదాకా విన్నాకే వేపపుల్ల తీసేవాడు. నేనూ ఆ షెడ్డులో, ఆ తర్వాత కర్నూలులో నా సొంత షెడ్డులో అలాగే చేశాను. మంచి మెకానిక్కునని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఒంటిమీద ఏదో పాకినట్టు ఉండేది.

ఆ రోజు వెనక్కి తిరిగి, నాలుగు చోట్లా నేనే చెప్పాను. పొద్దు వాలేటప్పటికి చివరికి రైలు గేటు దగ్గరికి వచ్చాం. అంగట్లో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. నేను సీసా పట్టుకుని, అప్పటికి బాగా వచ్చేసిన మాటలు చెప్పాను. సుంకులమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చి, నన్నూ మేస్త్రినీ మార్చి మార్చి చూసింది. తర్వాత స్టీరింగు దగ్గర కూర్చున్న దస్తగిరి చేతుల వైపు చూసింది. వేళ్ళన్నీ రాతికి చిట్లి, నెత్తురు ఎండి నల్లబడి ఉన్నాయి.

"పొద్దున ఆయప్ప తప్పు నాదన్నాడు. ఇప్పుడు నువ్వు నాదంటాండావు" అంది. "తప్పు మీ ఇద్దరిదైతే, బండలు కొట్టింది ఆయప్పొక్కడే ఎందుకప్పా?"